సున్నా గడి కథ

క్యాంపు గదుల్లో రాత్రిపూట ఫోన్లలోకి వస్తున్న కొత్త జూదం బిట్‌కాయిన్ కేసినో. "ఇందులో మోసం లేదు, మీరే సరిచూసుకోండి" అని దాని ప్రచారం. మోసం లేకపోయినా మన జేబు ఎందుకు ఖాళీ అవుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1654లో ఫ్రాన్సులో పాస్కల్, ఫెర్మా అనే గణిత పండితులు, మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెం సొమ్ము ఎలా పంచాలని ఉత్తరాలు రాసుకున్నారు. గెలుపు అవకాశాలను లెక్కగట్టే శాస్త్రానికి అదే పునాది. ఆ లెక్కతో బాగుపడింది మాత్రం ఆట నడిపేవాళ్ళే.

1843లో ఫ్రాంస్వా బ్లాంక్ జర్మనీలోని బాడ్ హోంబుర్గ్‌లో ఒకే సున్నా ఉన్న రూలెట్ చక్రం పెట్టాడు. అందులో గడులు 37. గెలిచిన గడికి పందెంతో కలిపి వచ్చేది 36 రెట్లే. అన్ని గడుల మీదా ఒక్కో దిర్హం పెడితే 37 పోతాయి, 36 వస్తాయి. నూటికి సుమారు 2.70 యజమానికి మిగులుతుంది. ఇక మోసంతో పనేముంది?

2009లో బిట్‌కాయిన్ వచ్చింది. 2012లో సతోషిడైస్ అనే పాచికలాట మొదలైంది. ఇలాంటి ఆటల్లో రహస్య అంకెకు ముందే ముద్ర వేసి చూపిస్తారు, తర్వాత విప్పుతారు. మధ్యలో మార్చలేదనడానికి అదే రుజువు. కానీ చెల్లింపులో కోత అలాగే ఉంటుంది. గెలిచిన సొమ్ము చేతికి వస్తుందన్న హామీ కూడా ఆ ముద్రలో లేదు.

రూలెట్ లెక్కనే తీసుకుంటే, 10 దిర్హాల పందెం వంద సార్లు కాస్తే సగటున 27 దిర్హాలు పోతాయి. పోయినవి రాబట్టాలని ఇంకా ఆడితే కోత ఇంకా పెరుగుతుంది. ఇంటికి పంపాల్సిన జీతాన్ని ఆ సున్నా గడిలో పోయవద్దు సోదరులారా.