నాలుగు గంటల రాడ్డు

ఉప్పల్, నాచారంలో పనిచేసే మన ఐటీ జనాలకి ఐడీఏ షెడ్లలోంచి వచ్చే వెల్డింగ్ వెలుగులు కొత్తేం కాదు. గేట్లకీ, గ్రిల్స్‌కీ వాడేది ఎక్కువగా 6013 రాడ్డు. బలమైన ఉక్కు దగ్గరకొచ్చేసరికి మాత్రం 7018 లాంటి లో హైడ్రోజన్ రాడ్డు కావాలంటారు. ఎందుకో చూద్దాం.

రాడ్డు పూతలో తేమ ఉంటే ఆర్క్ వేడికి అది విడిపోయి, హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరుతుంది. మామూలు ఉక్కు మెత్తన కాబట్టి తట్టుకుంటుంది. బలమైన ఉక్కులో అతుకు పక్క భాగం గట్టిపడి, పెళుసెక్కి, పగులుతుంది. అదీ వెంటనే కాదు, ఒకట్రెండు రోజులకి! టెస్టింగ్‌లో పాసై ప్రొడక్షన్‌లో పేలే బగ్ లాంటిదన్నమాట.

రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకుల కవచాన్ని స్టెయిన్‌లెస్ రాడ్లతో అతికేవాళ్ళు. నికెల్, క్రోమియం కరువయ్యాయి. అప్పుడు సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్ పూసిన లో హైడ్రోజన్ రాడ్లు ముందుకొచ్చాయి.

రాడ్డు మారినంత మాత్రాన కథ అయిపోలేదు. మెల్‌బోర్న్‌లో 1961లో తెరిచిన కింగ్ స్ట్రీట్ వంతెన, 1962 జులై 10న ఒక బరువైన లారీ కింద కుంగిపోయింది. బలమైన ఉక్కు గర్డర్లలో వెల్డింగ్ అప్పుడే వచ్చిన పగుళ్ళు తనిఖీలో దొరకలేదు.

అంతదూరం ఎందుకు, ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా వెళ్తే కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ ఉంది. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కి వాడిన డీఎంఆర్ 249ఏ ఉక్కు వాళ్ళు సెయిల్‌తో కలిసి తయారుచేసిందే. దాన్ని అతికే రాడ్లని కూడా వేరేగా తయారు చేయాల్సొచ్చింది. ఉక్కు ఒక్కటీ ఉంటే ఓడ కాదు మరి.

ఇక వాడకం సంగతి. అమెరికా కోడ్ ప్రకారం ఓవెన్‌లోంచి తీసిన మామూలు 7018 రాడ్డుని నాలుగు గంటల్లో వాడెయ్యాలి. ఇంకా బలమైన 11018కైతే అరగంటే! గడువు దాటితే కంపెనీ చెప్పిన వేడిలో మళ్ళీ కాల్చాలి, తర్వాత వేడి తగ్గని పెట్టెలో ఉంచాలి. కొన్ని బలమైన ఉక్కులకి అతుకు వేసిన 48 గంటల తర్వాతే తనిఖీ చెయ్యాలి.

వానాకాలంలో ప్యాకెట్ విప్పి బెంచీ మీద పడేస్తే, పేరుకి లో హైడ్రోజన్, లోపలంతా తేమే. చిన్న షెడ్డువాడికి ఓవెన్ ఖర్చు దండగనిపించడం సహజం. ఆర్డరిచ్చే పెద్ద కంపెనీ రేటు దగ్గర గీచిగీచి బేరమాడి, ఓవెన్ ఎందుకు లేదని అడిగితే ఏం లాభం? ఆ ఖర్చు కూడా రేటులో కలిపి ఇవ్వాలి. ఏమంటారు?