చేలగట్టున దూలగొండి, మాత్రలో లెవోడోపా

గుంటూరు జిల్లా పల్లెల్లో పుట్టినవారికి దూలగొండిని పరిచయం చేయనక్కరలేదు. అది కంచెలపై పాకే తీగ. కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దురద. బడిలో తోటివాడి చొక్కాలో ఆ నూగు వేసి పంతులుగారిచేత దెబ్బలు తిన్నవారిలో నేనూ ఒకణ్ణి. పార్కిన్సన్స్ వ్యాధికి నేటికీ ప్రధానమైన మందు ఆ కాయలోని గింజలోనే ఉన్నదని వైద్యవిద్యలో చేరేవరకు నాకు తెలియదు.

ఈ వ్యాధిని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు. మనవారు కంపవాతం అన్నారు. ఆ పేరు వల్ల కొంత చిక్కు వచ్చింది. చేయి వణకకపోతే ఆ జబ్బు కాదనుకుంటారు. తరచు రోగిని ఎక్కువగా కుంగదీసేది కదలిక మందగించడం, కండరాలు బిగుసుకోవడం. గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. చేతివ్రాత రానురాను చిన్నదవుతుంది. నడకలో ఒక చేయి ఊగదు. ఇంట్లోవారు ‘పెద్దతనం’ అని సరిపెట్టుకుంటారు.

1937లో, మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, దామోదరన్, రామస్వామి అనే మద్రాసు శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుండి లెవోడోపాను వేరుచేశారు. మందు చేతిలో ఉన్నది. అది ఏ జబ్బుకో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1957లో, స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసెర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరు నుండి తీసిన రక్తపోటు మందు. కుందేళ్ళు కదలక మెదలక ఉండిపోయాయి. లెవోడోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. ఒక మొక్క సారం వాటిని పడవేసింది, మరొక మొక్కలో దొరికే పదార్థమే లేపింది. రెండూ మన నేలలో పెరిగేవే. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ బృందం మరణించిన రోగుల మెదళ్ళలో డోపమిన్ తగ్గిందని కనుగొన్నది. డోపమిన్ నేరుగా మెదడులోకి పోలేదు. లెవోడోపా పోయి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది. 1967లో అమెరికాలో కొట్జియాస్ డోపా మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి రోగులను నడిపించాడు. తరువాత కార్బిడోపా జతకలిసి, వాంతులు తగ్గి, తక్కువ మోతాదే సరిపోసాగింది.

కొన్నేళ్ళకు ఒక్కో మోతాదు పనిచేసే సమయం తగ్గుతుంది. మందు ఎక్కువైన వేళ ఒళ్ళు మెలికలు తిరుగుతుంది. మిరప రైతు ఒకాయనకు కొడుకు మాత్రలతోపాటు దూలగొండి పొడి కూడా పట్టించాడు. రెండూ ఒకే మందు కదా! పెద్దాయన ఊగిపోతుంటే పూనకమన్నారు. భయపడి అన్నీ ఒక్కసారిగా ఆపేశారు. నా దగ్గరకు మంచం మీద మోసుకొచ్చేసరికి జ్వరంతో, కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. బ్రతికించుకోవడానికి మూడు వారాలు పట్టింది. గింజలో మందు ఉన్నమాట నిజమే, కానీ ఏ గింజలో ఎంత ఉన్నదో కొలిచేదెవరు? మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు, పెంచవద్దు. పప్పు, మాంసం దండిగా ఉన్న భోజనానికి అరగంట ముందే వేసుకోండి. మాంసకృత్తులు మందును ప్రేగులలో అడ్డుకుంటాయి. మాత్రలతో అదుపు తప్పిన కొందరికి మెదడులో తీగ అమర్చే శస్త్రచికిత్స ఉన్నది. హైదరాబాదు నిమ్స్‌లోనూ చేస్తారు.

ఆ రైతు తరువాత చాలాకాలం నడిచాడు. గడప దగ్గర మాత్రం కాళ్ళు నేలకు అంటుకుపోయేవి. అడ్డంగా గీతలు గీసి వాటిని దాటించమని చెప్పాను. ఆయన భార్య రోజూ ముగ్గుతో పాటు గడపకు ఇటూ అటూ నాలుగేసి గీతలు వేసేది.