జమాలియాత్‌కు వజీఫా ఎవరిస్తారు?

ఈద్ తెల్లారి గోదావరిఖనిలో ఆపా ఇంట్లో ఉన్నాను. మిగిలిన షీర్‌ఖుర్మా తాగుతుంటే మా భాంజీ మెల్లగా అంది: "మామూ, ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తా. జమాలియాత్ మీద."

డ్యూటీకి బయల్దేరుతున్న దూల్హా భాయ్ ఆగాడు. "అంటే ఏంది?"

"హుస్న్ అంటే ఏమిటి, ఒకటి మనకు అందంగా ఎందుకు అనిపిస్తది అని వెతికే ఇల్మ్. తెలుగులో సౌందర్యశాస్త్రం" అన్నాను.

"మంచిదే. పైసలు ఎవరిస్తరు?"

బాయి దిగి పిల్లను చదివించిన మనిషి సవాల్ అది. జవాబ్ కోసం తారీఖ్ తిరగేశాను.

17వ శతాబ్దంలో కవిత్వానికి అందం ఎక్కడి నుంచి వస్తుందో చర్చిస్తూ 'రసగంగాధరం' రాసిన జగన్నాథుడు తెలుగువాడు. ఆయనకు కొలువిచ్చింది, 'పండితరాజు' అనే బిరుదిచ్చింది మొఘల్ బాద్‌షా షాజహాన్. సంస్కృత కితాబ్ వెనక ఢిల్లీ ఖజానా ఉందన్నమాట.

ఇంకొకటి మనకు మరీ దగ్గరిది. తానీషా అంటే అందరికీ రామదాసు జైలే గుర్తొస్తుంది. 1672 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన ఈ సుల్తాన్ ముర్షిద్ షా రాజు. ఆ షా రాజు కొడుకు అక్బర్ షా. జనం బడే సాహెబ్ అనేవారు. ఆయన పేరు మీదున్న 'శృంగారమంజరి' నాయికా భేదాల మీద రాసిన శాస్త్రం. పాత పండితులు చేసిన విభజనలు ఎక్కడ సరిగా లేవో అందులో బహస్ ఉంటుంది. ముందు తెలుగులో పుట్టి తర్వాత సంస్కృతంలోకి వెళ్లిన గ్రంథమిది. ఒక సూఫీ ఇంటి బిడ్డ పేరు మీద తెలుగులో జమాలియాత్! వి. రాఘవన్ పరిష్కరించిన దాని సంస్కృత పాఠాన్ని 1951లో అచ్చేసింది కూడా హైదరాబాద్ ప్రభుత్వ పురావస్తు శాఖే.

మధ్యలో నిజాం హుకూమత్ 1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా పెట్టింది. ఫల్సఫా, సైన్స్ కితాబులు ఉర్దూలోకి వచ్చాయి. ఇలాంటి ఇల్మ్ ఎప్పుడూ సొంత జేబుతో నడవలేదు. ఎవరో ఒకరి ఖజానా వెనక ఉంది.

మన కాలానికి వస్తే, సచార్ కమిటీ నివేదిక వచ్చిన మూడేళ్లకు, 2009లో కేంద్రం మైనారిటీ పరిశోధకుల కోసం మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ తెచ్చింది. 2022 డిసెంబర్‌లో ఆపేస్తున్నట్టు లోక్‌సభలో చెప్పింది. ఇలాంటి పథకాలు వేరే ఉన్నాయి కాబట్టి అనేది చెప్పిన కారణం. ఇంజినీరింగ్ పిల్లకు బ్యాంకు లోన్ దొరుకుతుంది, తర్వాత నౌకరీ చేసి కడుతుంది. జమాలియాత్ చదివే పిల్లకు లోన్ ఎవరిస్తారు? ఆగిన వజీఫా దెబ్బ ఇలాంటి సబ్జెక్టుల మీదే ఎక్కువ పడుతుంది.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. యూజీసీ నెట్‌లో ఫిలాసఫీ ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఫిలాసఫీ పరిశోధనకే ఉన్న ఐసీపీఆర్ కూడా ఫెలోషిప్‌లు ఇస్తుంది. ఇవన్నీ కాగితం మీద రాసి దూల్హా భాయ్‌కి ఇచ్చాను.

ఆయన పైసల లెక్క తర్వాత చూశాడు. ముందు అడిగింది ఇది: "మనోడు, తెలుగుల రాసిండా?"

"రాసిండు భాయ్."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని షిఫ్టుకు వెళ్లాడు. భాంజీ నెట్ సిలబస్ తెరిచింది.