తెలుగు జాలస్థలికి చైల్డ్ థీమ్

2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్‌తో నడిచే జాలస్థలుల రూపురేఖలను థీమ్ నిర్ణయిస్తుంది. థీమ్‌లలో అధికభాగం లాటిన్ లిపిని దృష్టిలో ఉంచుకొని రూపొందినవే. పంక్తుల నడుమ ఎడం చాలక 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' వంటి మాటల ఒత్తులు కింది పంక్తిలోని గుడులను తాకుతాయి. ఇంట తెలుగు, బడిలో కన్నడమో ఒడియానో చదివే సరిహద్దు పిల్లలకు అక్కడే చదువు ఆగిపోతుంది.

పంక్తుల ఎడాన్ని అక్షర పరిమాణానికి సుమారు 1.8 రెట్లు చేయడం మేలు. పాఠ్యానికి మండలి ఖతి నప్పుతుంది. రామభద్ర శీర్షికలకే తగినది.

అయితే ఈ మార్పులను అసలు థీమ్ ఫైళ్లలోనే చేసినచో, తరువాతి నవీకరణతో సమస్తం చెరిగిపోతుంది. అందుకే చైల్డ్ థీమ్. థీమ్స్ ఫోల్డరులో మరొక ఫోల్డరు ఏర్పరచి, అందులో 'స్టైల్' అనే సీఎస్ఎస్ ఫైలు ఉంచాలి. దాని తలభాగాన 'టెంప్లేట్' అన్నచోట మాతృ థీమ్ ఫోల్డరు పేరును పొల్లుపోకుండా రాయాలి. తెరపై కనిపించే థీమ్ పేరు రాసి తడబడేవారే ఎక్కువ.

ఎడం, ఖతి మాత్రమే మార్చదలచినవారికి ఇంత శ్రమ అక్కరలేదు. 2016లో 4.7 వెర్షన్‌తో వచ్చిన 'అడిషనల్ సీఎస్ఎస్' పెట్టెలో రాసినది నవీకరణకు చెరగదు. థీమ్‌నే మార్చినప్పుడు మాత్రం వెంట రాదు.