చాదస్తం నుంచి చిత్తవైకల్యం వరకు: మెదడు వ్యాధుల నిర్ధారణలో భాష పాత్ర

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో వృద్ధులు చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పినా, తెలిసిన వీధిలో దారి తప్పినా 'చాదస్తం' అని సరిపెట్టుకోవడం పరిపాటి. ఛందస్సంటే వేదం, దానిని అధ్యయనం చేసినవాడు ఛాందసుడు. ఆ మాట క్రమంగా లోకజ్ఞానం లేనివాడనే అర్థానికి జారి, అక్కడినుంచి ముసలితనపు మొండితనానికీ, మతిమరుపుకీ పేరైంది. భాషాశాస్త్రం దీనిని అర్థాపకర్ష అంటుంది. అయితే ఈ పరిణామం నిఘంటువుతో ఆగలేదు. రోగాన్ని స్వభావంగా చూపే మాట రోగిని వైద్యుని దాకా వెళ్లనివ్వదు. చిత్తవైకల్య (డిమెన్షియా) నిర్ధారణ చరిత్రలో భాష నిర్వహించిన పాత్రను ఈ కోణంనుంచి పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

మాట రోగాన్ని కప్పివేయడం వృద్ధాప్యానికే పరిమితం కాదు. ఆరోగ్యంగా ఉన్న యువతి హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడితే 'గాలి సోకింది' అనడం మనకు తెలిసినదే. 2007లో జోసెఫ్ డాల్మావ్ బృందం 12 మంది స్త్రీలలో వివరించిన వ్యాధి ఇటువంటి లక్షణాలతోనే మొదలవుతుంది. దేహాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలే మెదడులోని ఎన్‌ఎండిఎ గ్రాహకాలను దెబ్బతీస్తాయి. ఆ స్త్రీలలో ఎక్కువమందికి అండాశయంలో కణితి ఉంది. కణితిని తొలగించి, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ సకాలంలో ఇస్తే చాలామంది కోలుకుంటారు. గాలి సోకిందన్న ప్రతి ఉదంతమూ ఈ వ్యాధేనని చెప్పలేం. కాని ఆ మాటతో విచారణ ముగిసిపోతే నష్టపోయేది రోగి. వృద్ధుల మతిమరుపులోనూ థైరాయిడ్ లోపం, బి12 లోపం వంటి చికిత్సకు లొంగే కారణాలు ఉండవచ్చు.

అలోయిస్ ఆల్జైమర్ 1906లో తన రోగి మెదడులోని మార్పులను వెల్లడించాడు; 1910లో క్రేపెలిన్ ఆ వ్యాధికి ఆయన పేరు పెట్టాడు. ఆసుపత్రిలో రోగ నిర్ధారణ మాత్రం నేటికీ ప్రశ్నలు, జవాబులతోనే మొదలవుతుంది. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ రూపొందించిన ప్రశ్నావళి ప్రపంచమంతా వ్యాపించింది. అందులో ఒక ఇంగ్లీషు పదాన్ని చివరి అక్షరంనుంచి వెనక్కి చెప్పమనే ప్రశ్న ఉంది. గుణింతాలు, ఒత్తులు ఉన్న తెలుగులో దీనిని ఎలా అడగాలి? 'ప'తో మొదలయ్యే మాటలు చెప్పమంటే 'పాలు', 'పిల్లి' లెక్కకు వస్తాయా? ఆళ్లగడ్డలో రాతిని కొలత తప్పకుండా చెక్కే వృద్ధ శిల్పికి అక్షరాలు రాకపోతే, కాగితంమీద వాక్యం రాయమనడం పరీక్షించేది బుద్ధినా, బడినా? తేదీ చెప్పలేని అవ్వ మహానంది శివరాత్రి తిరునాళ్లకు ఎన్నాళ్లుందో లెక్కగట్టి చెప్పగలదు. ఇటువంటి చిక్కులను ఎదుర్కొనే మేరీ గంగూలీ బృందం హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు నిరక్షరాస్య వృద్ధుల కోసం హిందీ ప్రశ్నావళిని తయారుచేసి 1995లో ప్రచురించింది. రాసి ఉన్న ఆదేశాన్ని చదవమనడానికి బదులు, పరీక్షకుడు చేసినట్టు చేయమనడం అందులో ఒక మార్పు. అనువాదం కన్నా ఇది పెద్ద పని.

తెలుగు నేలనుంచి ఈ చరిత్రకు అందిన ముఖ్యమైన చేర్పు హైదరాబాదు నిమ్స్‌లో జరిగిన అధ్యయనం. సువర్ణ అల్లాడి, థామస్ బాక్, సుభాష్ కౌల్ తదితరులు 648 మంది చిత్తవైకల్య రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించారు. వారిలో 391 మంది ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఏకభాషీయులతో పోలిస్తే వీరిలో వ్యాధి సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. అంతకుముందు టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందం ఇటువంటి తేడానే చూపింది. కాని అక్కడి ద్విభాషులలో వలస వచ్చినవారే ఎక్కువ కనుక, ఆ తేడా భాషదా, వలసదా అన్న సందేహం మిగిలింది. హైదరాబాదులో రెండు భాషలు మాట్లాడటానికి ఎవరూ దేశం దాటనక్కరలేదు. అంతకన్నా గమనార్హం, చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించడం. అంటే ప్రయోజనాన్ని చదువు ఖాతాలో మాత్రమే వేయడం కుదరదు. ఇది ఆసుపత్రికి వచ్చినవారి అధ్యయనమే. రెండో భాష వ్యాధిని ఆపుతుందని ఇది నిరూపించలేదు. దానిని మందుగా ప్రచారం చేయడం అతిశయోక్తి.

2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన నంద్యాలలో తెలుగు, ఉర్దూ ఒకే బజారులో వినిపిస్తాయి. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడే వృద్ధుణ్ణి ఏ భాషలో పరీక్షించాలి? ఉర్దూలో అడిగిన ప్రశ్నకు తెలుగులో సరైన జవాబిస్తే మార్కు వేయాలా, వద్దా? రాయలసీమ మాండలికంలో ప్రశ్నావళిని సిద్ధం చేసే పనిలో వైద్యుని పక్కన తెలుగు పరిశోధకుడు కూర్చోవలసింది ఇక్కడే.