గని మూసిన తరువాతి నీరు

నూయి త్రవ్వువాడు నీరు పడినచో సంతోషించును. గని త్రవ్వువానికి నీరు పడినచో గుండె జారును. ఇంగ్లండు నైరృతి కొసనున్న కార్న్‌వాల్ సీమలోని తగరపు గనుల చరిత్రలో ఈ భయమే పెద్ద భాగము. ఆ సీమ మనకు బొత్తిగా పరాయిది కాదు. 1880 నుండి కోలారు బంగారు గనులను నడిపిన జాన్ టేలర్ కంపెనీ అక్కడినుండియే నేర్పరులను రప్పించెను; మన తెలుగువారును ఆ గనులలో దిగి పనిచేసిరి.

ఆవిరితో నీరు తోడు న్యూకామెన్ యంత్రము 1712లో వెలసెను. అది మిక్కిలి బొగ్గు తినునది. కార్న్‌వాల్‌లో బొగ్గు లేదు. వేల్సు నుండి ఓడలమీద రావలెను. అందువలన 1748లో గనుల యజమానులు వేరొక ఉపాయమునకు పూనుకొనిరి. లోయలో నుండి కొండ క్రిందుగా, కొంచెము వాలుతో ఒక సొరంగపు కాలువను త్రవ్వనారంభించిరి. క్రమముగా దానికి కొమ్మలు పుట్టి మొత్తము అరువది కిలోమీటర్లకు మించెను. అంతట లోతునుండి నీటిని నేలమీదికి తేనక్కరలేదు; సొరంగము మట్టమునకు ఎత్తిన చాలును. అచ్చటినుండి అది తనంత తానే కార్నన్ ఏటిలోనికి పారును.

1777లో వాట్ యంత్రములు ఆ సీమకు వచ్చినవి. పాత యంత్రముకంటె ఎంత బొగ్గు మిగిలినదో లెక్కకట్టి, అందు మూడవ వంతు వెల ఆయనకును భాగస్వామి బౌల్టనుకును చెల్లవలెను. యంత్రము ఎన్నిమారులు ఆడినదో లెక్కించు సాధనమును తాళము వేసిన పెట్టెలో అమర్చిరి. ఆ తాళము నాకు ముచ్చటగా తోచును. నమ్మకము తక్కువైన చోటనే లెక్క బాగుగా పుట్టును గదా! 1811 నుండి లీన్ అనునాతడు ఏ యంత్రము ఎంత బొగ్గునకు ఎంత నీరెత్తినదో నెలనెలకు పట్టీలు ప్రకటించెను. నీటి బరువు తెలిసినది, నీటి ఖర్చు తెలిసినది. ఏటిలో పడిన నీరు ఎట్టిదను విచారణ మాత్రము ఆ పట్టీల పని కాదు.

అది ఎవరికిని తట్టని సంగతి కాదు. 1556లో వెలువడిన జర్మను పండితుడు అగ్రికోలా గ్రంథమందే, ఖనిజము కడిగిన నీటివలన వాగులు చెడి చేపలు చచ్చుచున్నవని గనుల విరోధులు మొరపెట్టినట్లున్నది. కారణ మిది: ఆ రాళ్లలో గంధకముతో కూడిన ఇనుము ఉండును. పంపులు ఆడినంతకాలము గని ఆరి, గాలి సోకి, ఆ గంధకము ఆమ్లముగా మారుచుండును. పంపు ఆగినప్పుడు పైకెక్కు నీరు గోడలమీద పేరిన ఉప్పులనన్నిటిని కరగించుకొని వచ్చును. కావుననే తొలి పొంగు మిక్కిలి చెడ్డది.

1985లో తగరపు ధర కూలెను. 1991 మార్చిలో వీల్ జేన్ గని పంపులను ఆపివేసిరి. నవంబరునకు నీరు పైకి వచ్చెను. సొరంగపు నోళ్లను బిగించిరి గాని లోపలి నీటి ఒత్తిడి ఆగలేదు. 1992 జనవరి 13వ తేదీన ఒక బిరడా పగిలి సుమారు 5 కోట్ల లీటర్ల నీరు కార్నన్ ఏటిలో పడెను. ఇనుము, యశదము, కాడ్మియము, పాషాణము కలిసిన ఆ నీటితో ఏరును సముద్రపు పాయయు నారింజ రంగు దాల్చినవి.

అట్టి నీటిని కొలుచుట కష్టము కాదు. సొరంగపు నోట కోణాకారపు గండి గల పలకను నిలిపి, మన చెరువు అలుగుమీద నీరెంత ఎత్తున దొరలుచున్నదో చూచినట్లే, గండిలో నీటి ఎత్తును చూచి ప్రవాహమును లెక్కింతురు. బావిలో త్రాడు దింపి రోజున కెన్ని అంగుళములు ఎక్కుచున్నదో కనిపెట్టుదురు. వానకాలమునను, ఎండకాలమునను కొలువవలెను. ఒక్కనాటి కొలత మోసపుచ్చును.

నాటి చట్టమున, విడిచిన గనినుండి నీరు పారనిచ్చుట నేరము కాకుండెను. 1995 చట్టము, గని విడుచుటకు ఆరు నెలలు ముందుగా తెలుపవలెనని విధించి, 1999 తరువాత విడిచిన గనులకు ఆ మినహాయింపు తీసివేసెను. వీల్ జేన్ అంతకు పూర్వపుది. ఖర్చు ప్రజల ధనముపై పడెను. 1994లో రెల్లు మడులతో శుద్ధి చేయజూచిరి. 2000లో సున్నపు కర్మాగారము నెలకొన్నది. బావినుండి మరల పంపులతో నీరు తోడి, సున్నము కలిపి, అడుగున దిగిన ఎఱ్ఱని బురదను ఆ గని పాత మడ్డి చెరువులోనే పోయుచున్నారు.