గొంగడే గుడారం

మా తాత తరం నాగర్‌కర్నూల్ కురుమలకు చలికాలం వలసలో ఇల్లూ పరుపూ గొంగడే. కోతలైన చేలల్లో మందలు మేపుతూ ఊరూరా తిరిగేవాళ్లు. రాత్రి ఏదో రైతు చేలో మంద కట్టేవాళ్లు. పెంటికల ఎరువు రైతుకు, జొన్నలో పైసలో కాపరికి. మంచు కురిస్తే గొంగడిని నెత్తిన కొప్పెర పెట్టుకునేవాడు తాత. దారిలో ఈనిన గొర్రె పిల్లకూ అందులోనే చోటు.

నల్ల దక్కనీ గొర్రె ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్లు. ఆడవాళ్లు వడికితే మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవాళ్లు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చినా తడిసినట్టుండదు. పోగుల మధ్య చిక్కిన గాలి ఒంటి వేడిని నిలుపుతుంది.

తర్వాత మాంసం ధర పెరిగింది, ఉన్ని లేని నెల్లూరు గొర్రెలు వచ్చాయి. శ్రీశైలం వెనక నీటిని ఎల్లూరు దగ్గర ఎత్తిపోసే కల్వకుర్తి పథకంతో యాసంగి పైర్లు పెరిగి, బీడు తగ్గింది. 2017లో ప్రభుత్వం ఒక్కో కాపరికి 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. మా ఊరికొచ్చిన వాటికి కత్తిరించేంత ఉన్ని లేదు.

ఇప్పటి కాపరులు ప్లాస్టిక్ టార్పాలిన్ కింద పడుకుంటారు. అది మంచును ఆపుతుంది కానీ, ఊపిరి చెమ్మను బయటికి పోనివ్వదు. తెల్లారేసరికి దుప్పటి తడిసిపోతుంది.